మాట తేలే దాకా: బ్రాడ్‌వే నాటక రికార్డులను ఫైళ్ళలోకి ఎక్కించిన నా అనుభవం

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే సంగీత నాటకాన్ని ఒక్కసారి కూడా చూడకుండానే ప్రేమించినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మాకు నాటకమంటే ఒక నల్లటి రికార్డు, దాని అట్ట మీది బొమ్మ, అట్ట వెనక అచ్చేసిన కథ, అంతే. రంగస్థలం కంటికి కనబడదు కాబట్టి మాటే సర్వస్వం. పాత్ర ఏమంటున్నదో హల్లు హల్లునా చెవిన పడాలి. అందుకే ఈ రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే, మాట తేలిందా లేదా అని. రొద తగ్గిందా అన్నది ఆ తర్వాతి సంగతి.

పని మొదలుపెట్టేముందు చేతిలో ఉన్నది ఏమిటో సరిగ్గా తెలుసుకోవాలి. నా దగ్గరున్న వాటిలో పాతది 'ఓక్లహామా!'. 1943 మార్చిలో నాటకం మొదలైతే, అక్టోబరులో డెక్కా కంపెనీ అసలు నటులనూ అసలు వాద్యబృందాన్నీ పెట్టి రికార్డు చేసింది. మధ్యలో అన్ని నెలలు ఆలస్యం కావడానికి కారణం అమెరికాలో వాద్యకారుల సంఘం 1942 ఆగస్టు నుంచి చేసిన రికార్డింగు సమ్మె. డెక్కా 1943 సెప్టెంబరులో రాజీకి వచ్చింది కాబట్టే ఆ పని జరిగింది. నిమిషానికి 78 సార్లు తిరిగే 10 అంగుళాల రికార్డులు (78 రికార్డులు) ఆరు, అంటే పన్నెండు ముఖాలు, ఫొటో ఆల్బమ్‌లాంటి అట్టపుస్తకంలో పెట్టి అమ్మారు. నటులతోనే చేసిన రికార్డుల్లో ఇది మొదటిది కాదు. 'ది క్రేడిల్ విల్ రాక్' 1938లోనే వచ్చింది. అయితే ప్రతి పెద్ద నాటకానికీ రికార్డు రావాలన్న అలవాటును స్థిరపరచింది మాత్రం ఓక్లహామానే.

తర్వాతివి ఎల్పీలు, అంటే నెమ్మదిగా తిరుగుతూ ఒక్కో ముఖానికి ఎక్కువసేపు పాడే రికార్డులు. వీటిలో తికమక పెట్టేది 'మై ఫెయిర్ లేడీ'. 1956 మార్చి 15న నాటకం మొదలైంది, 25వ తేదీ ఆదివారం, నటులకు సెలవు రోజున, మన్‌హాటన్ 30వ వీధిలో ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా స్టూడియోలో గాడర్డ్ లీబర్సన్ నిర్మాణంలో రికార్డు చేశారు. అది మోనో (కుడి ఎడమల తేడా లేని ఒకే ధ్వని), నంబరు ఓఎల్ 5090. 1959లో లండన్ నటులతో మళ్ళీ చేసింది స్టీరియో, ఓఎస్ 2015. రెక్స్ హారిసన్, జూలీ ఆండ్రూస్, స్టాన్లీ హాలోవే రెండింటిలోనూ ఉన్నారు కాబట్టి పాత షాపుల్లో రెండూ ఒకటేనని చెప్పి ఇస్తారు. వినండి, ఒకటి కాదు. నాటకం మొదలైన పదో రోజున ఆ గొంతుల్లో ఉన్న ఆత్రం మోనోలోనే ఉంది. ఇంకో చిక్కు ఉంది. 1960లలో పాత మోనోలకు కృత్రిమంగా స్టీరియో రంగు వేసి మళ్ళీ వదిలారు. ఆ ముద్రణ దొరికితే దాన్ని పక్కన పెట్టి అసలు మోనో వెతకడమే మేలు. కుడి ఎడమలకు వేరువేరు ధ్వని సవరింపులు వేసి ఉంటాయి, రెండూ కలిపితే గొంతు డొల్లగా వినబడుతుంది.

కడగడం దగ్గర ఒక నియమం ఎప్పటికీ మరిచిపోకూడదు. 78 రికార్డులు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వినైల్ ఎల్పీలకు పనికొచ్చే స్పిరిట్ కలిపిన ద్రావణం ఒక్క తుడుపు తుడిస్తే గాడి మసకబారి, ఇక బాగుపడదు. నేను రెండింటికీ ఒకే ద్రావణం వాడాను: లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు, ఫొటో ఫిల్ములు కడిగేటప్పుడు చివర్లో వాడే వెట్టింగ్ ఏజెంట్ 5 మిల్లీలీటర్లు. మెత్తని కుచ్చు బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా తిప్పి, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. రెండోసారి కడగకపోతే ఆ మందు గాడిలో ఎండి ముల్లుకు అంటుకుంటుంది. మన బోరు నీళ్ళు అసలు వద్దు. నీరు ఆరిపోతుంది గానీ అందులోని సున్నం గాడిలోనే ఉండిపోయి చిటపటలు కొత్తగా మొదలవుతాయి. నడిమి కాగితం (లేబుల్) తడవకూడదు. లక్క రికార్డును నీళ్ళలో నానబెట్టకూడదు, రెండు మూడు నిమిషాల్లో పని ముగించి నిలబెట్టి ఆరబెట్టాలి. పగులున్న రికార్డుకు తడి తగలనివ్వకూడదు.

ముల్లు గురించి చాలామంది పట్టించుకోరు, సగం నష్టం అక్కడే. స్టీరియో ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, పాత మోనో ఎల్పీ ముల్లు 25, 78 ముల్లు 76 దాకా. స్టీరియో ముల్లును 78 గాడిలో వేస్తే అది గోడలను తాకకుండా అడుగున దొర్లుతూ పోతుంది. అక్కడ ఉన్నది దుమ్మే కాబట్టి వినబడేదీ దుమ్మే. ముల్లు గాడి మీద మోపే బరువు 78కి 4 గ్రాములు, ఎల్పీకి 2 గ్రాముల లోపు పెట్టాను. అరిగిపోయిన మోనో ఎల్పీలకు మాత్రం కొలతల ప్రకారం కాకుండా ఉన్న ముళ్ళన్నీ మార్చి మార్చి వేసి చూశాను. పూర్వం ముల్లును మోసే చేయి బరువుగా ఉన్న ప్లేయర్ల మీద 25 మైక్రాన్ల ముల్లుతో వేసి వేసి గోడ ఒక ఎత్తులో అరిగి ఉంటుంది. 18 మైక్రాన్ల దీర్ఘవృత్తాకారపు ముల్లు దానికంటే కొంచెం కిందికి దిగి, అరగని చోట నడుస్తుంది. మై ఫెయిర్ లేడీ మొదటి ముఖం చివరి పాట, జూలీ ఆండ్రూస్ పాడిన 'ఐ కుడ్ హావ్ డాన్స్‌డ్ ఆల్ నైట్', నాకు ఇలాగే దక్కింది.

ఆ పాటకే అంత కష్టం ఎందుకొచ్చిందంటే, ఎల్పీ అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడిస్తే, లోపలికి వచ్చేసరికి 21 మాత్రమే నడుస్తుంది. అదే ధ్వనిని సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలి. నాటకం లెక్కలో అంకం చివరికొచ్చేది పెద్ద పాట, రికార్డు లెక్కలో అది అత్యంత ఇరుకైన చోట పడుతుంది. గొంతు పైకి లేచిన ప్రతిసారీ స, ష, ఛ అక్షరాలు చీరుకుపోతాయి. ముల్లు తలను, కోణం చూసుకునే గీతలున్న అలైన్‌మెంట్ కార్డు పెట్టి లోపలి గాడి దగ్గరే సరిచూసుకోవాలి, అంచు దగ్గర చూసి సరిపెట్టుకోకూడదు.

వేగం సంగతి. 78 అని రాసి ఉన్నా అమెరికా రికార్డుకు 78.26, మన దేశంలోనూ ఇంగ్లండులోనూ 77.92. కరెంటే దీనికి కారణం. 60 హెర్ట్జ్ కరెంటులో దీపం నిమిషానికి 7200 సార్లు మినుకుతుంది, టర్న్‌టేబుల్ మీద పెట్టే 92 గీతల చక్రం దాని కింద నిలిచినట్టు కనబడాలంటే 78.26 తిరగాలి. 50 హెర్ట్జ్‌లో 6000 మినుకులు, 77 గీతలు, 77.92. తేడా అరశాతం లోపే, అర్ధస్వరాన్ని వంద పాళ్ళు చేస్తే ఏడున్నర పాళ్ళు. అదొక్కటే అయితే వదిలేయవచ్చు. మోటారు తప్పు కూడా తోడైతే మాత్రం శ్రుతి దిగిందని చెవికి తెలుస్తుంది. ఇప్పటి ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటి కింద గీతల చక్రం సరిగా కనబడదు, పాత ఫిలమెంటు బల్బు ఒకటి దాచుకోండి.

78 వేగం లేని టర్న్‌టేబుల్ అయితే 45 వేగంలో రికార్డు చేసి, కంప్యూటర్లో (అమెరికా రికార్డయితే) 1.739 రెట్లు పెంచవచ్చు. కానీ ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. ముల్లు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్‌లో ఉండే ఆర్ఐఏఏ వంపు, అంటే మంద్రాన్ని పెంచి తారాన్ని తగ్గించే సవరింపు, 45 వేగంలో ఉన్నప్పుడే పడిపోయింది. వేగం పెంచగానే ఆ సవరింపు కూడా తన చోటు మారి తప్పు చోట కూర్చుంది. కాబట్టి 78లను సవరింపు లేని చదును అవుట్‌పుట్ నుంచే తీసుకోవాలి. ముందు వేగం, తర్వాత వంపు.

అసలు ఆ వంపే ఒక పెద్ద విషయం. ఆర్ఐఏఏ ప్రమాణం 1954లో వచ్చింది. అంతకు ముందు కంపెనీకో పద్ధతి. ఆర్ఐఏఏ 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంత తగ్గింపు ఆశించని 78ను దానిలోంచి పంపితే ఓక్లహామా బృందగానం కంబళి కప్పుకుని పాడినట్టుంది, క, ట, ప ఒకదానికొకటి తేడా లేకుండా పోయాయి. నా ఆల్బమ్‌కు 500 హెర్ట్జ్ నుంచి కిందికి మంద్రం పెంచి, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తే మాట తేలింది. ఇది నా చెవి నిర్ణయం, మీ రికార్డుకు 5 నుంచి 8 మధ్య ప్రయత్నించి చూడండి. 1949 నాటి 'సౌత్ పసిఫిక్' తొలి ఎల్పీ ముద్రణ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. అప్పటి కొలంబియా ఎల్పీ పద్ధతి 16 డెసిబెల్స్ తగ్గింపును ఆశిస్తుంది. ఆర్ఐఏఏలో వేస్తే ఇంకా 2 డెసిబెల్స్ పైచిలుకు మిగిలి, కథానాయిక మేరీ మార్టిన్ పలికే ప్రతి స బుసకొడుతుంది. చాలామంది ఆ బుసను రికార్డు అరుగుదల అనుకుని నాయిస్ రిడక్షన్ వేస్తారు. జబ్బు ఒకటి, మందు ఒకటి.

రికార్డింగు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. నిమిషానికి సుమారు 35 ఎంబీ, 25 నిమిషాల ముఖానికి 860 దాకా. లెవెల్ పెట్టేటప్పుడు నాటకం మొదట్లో వచ్చే వాద్యసంగీతం (ఓవర్చర్) చూసి మోసపోకండి. ముఖం మొత్తంలో అతి పెద్ద బృందగానాన్ని వెతికి, అక్కడ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. ఒక్కో ముఖాన్ని మధ్యలో ఆపకుండా ఒకే ఫైలుగా తీయాలి. గుయ్‌మనే 50 హెర్ట్జ్ రొద వస్తే ముందు ఎర్త్ తీగ చూడండి, దాన్ని తర్వాత ఫిల్టరుతో తీస్తే డబుల్ బాస్ కూడా పోతుంది.

మోనో రికార్డును కూడా స్టీరియోగానే తీసుకున్నాను, ఎందుకంటే ఆ రెండు గోడల మధ్య తేడాలో చాలా సమాచారం ఉంది. మోనోలో పాటంతా గాడి పక్కలకు ఊగడంలో ఉంటుంది, పైకీ కిందికీ ఊగేది దుమ్మూ, టర్న్‌టేబుల్ పళ్ళెం గరగరా. కాబట్టి ఒక ఛానల్‌ను తలకిందులు చేసి రెండోదానితో కలపండి. గొంతు పూర్తిగా మాయమై చిటపటలు మాత్రమే మిగిలే దాకా ఒకదాని లెవెల్‌ను పావు డెసిబెల్ చొప్పున జరుపుతూ పోండి. ఆ లెవెల్‌లోనే ఉంచి, తలకిందులు చేసినదాన్ని మామూలు చేసి కలిపితే, ఏ ఫిల్టరూ లేకుండా రొద సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన మెట్టు ఇదే, ఎందుకంటే ఇక్కడ పోయేది చెత్త మాత్రమే. ఒక గోడ బాగా అరిగి ఉంటే మాత్రం కలపవద్దు, బాగున్న గోడ ఛానల్ ఒక్కటే తీసుకోండి.

తర్వాత టక్‌మనే శబ్దాలు. 78లకు ఈ పని వంపు వేయకముందే చేయాలి, చదును ధ్వనిలో టక్కు సన్నగా, పదునుగా నిలబడి సులువుగా దొరుకుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని క్లిక్ రిమూవల్ చాలు. కానీ దానికి హల్లుకూ గీతకూ తేడా తెలియదు. మ్యూట్ పెట్టిన ట్రంపెట్ అలలు కూడా దానికి గీతల్లాగే కనబడతాయి, వాటిని నరికేస్తే ట్రంపెట్ చిట్లిన గొట్టంలా మోగుతుంది. బ్రాడ్‌వే వాద్యబృందంలో ట్రంపెట్ లేని పాట ఎన్నని? అందుకే శుభ్రం చేసినదాన్ని అసలులోంచి తీసివేసి, పోయిన శబ్దాన్ని విడిగా విన్నాను. అందులో టక్కులే ఉంటే సరే. ఒక్క మాట ముక్క వినబడినా సెట్టింగు తగ్గించి మళ్ళీ మొదటి నుంచి. గుండ్రాయిలాంటి పెద్ద టక్కులను చేత్తో ఒక్కొక్కటీ సరిచేశాను. బుస తగ్గించడం 4 డెసిబెల్స్ దగ్గర ఆపేశాను, 6 దాటితే గాయకుడు ఊపిరి తీసుకోవడం పోతుంది. ఊపిరి పోతే మనిషి పోయినట్టే.

పాటలు విడగొట్టేటప్పుడు పాటకు ముందు వచ్చే సంభాషణను ఆ పాటతోనే ఉంచాలి, గత పాట తోకకు కట్టకూడదు. ఫేడ్‌లు వేయవద్దు. మూడు ఎల్పీల సెట్లు ఉంటే ముఖాల నంబర్లు చూసుకోండి. 1956 నాటి 'ది మోస్ట్ హ్యాపీ ఫెల్లా' సంభాషణలతో సహా దాదాపు నాటకమంతా మూడు ఎల్పీలుగా వచ్చింది. అలాంటి సెట్లను, ఒకదాని తర్వాత ఒకటి రికార్డులను వాటంతటవే వేసే ఆటోమేటిక్ ఛేంజర్ల కోసం 1వ ముఖం వెనక 6, 2 వెనక 5, 3 వెనక 4 వచ్చేలా కూడా ముద్రించేవాళ్ళు. రికార్డు తిప్పి వేసుకుంటూ పోతే కథ తారుమారవుతుంది. 78 ఆల్బమ్‌లకూ ఈ ప్రమాదం ఉంది.

మన హరిశ్చంద్ర, చింతామణి, పాండవోద్యోగం పద్యాల 78 రికార్డులు ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ పద్ధతి అంతా అలాగే పనికొస్తుంది, వేగం 77.92తో మొదలుపెట్టాలి. శ్రుతి పెట్టెను బట్టి వేగం సరిచూడాలనుకుంటే హార్మోనియం శ్రుతి కచ్చితంగా ఇప్పటి ప్రామాణికమైన 440 హెర్ట్జ్ దగ్గర ఉంటుందని మాత్రం అనుకోవద్దు. అక్కడ కూడా రాగాలాపన కంటే పద్యపాదం చివరి హల్లు వినబడటమే పరీక్ష.

ఈ ఫైళ్ళు ఇంట్లో వినడానికే. మన చట్టంలో రికార్డు హక్కు, వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. అమెరికాలో 2018 చట్టం ప్రకారం 1943 రికార్డుకు 2043 చివరి దాకా, 1956 దానికి 2066 చివరి దాకా ఉంది. పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కులు వేరే లెక్క. నెట్‌లో పెట్టే ఆలోచన ఉంటే ముందు ఇది చూసుకోవాలి.

ప్రతి ఫైలుతో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంచాను: రికార్డు నంబరు, నడిమి కాగితం పక్కన నల్లటి ఖాళీలో చెక్కిన మ్యాట్రిక్స్ (అచ్చు) నంబరు, వాడిన ముల్లు, బరువు, వేగం, వంపు, ఏ గోడ. శుభ్రం చేయని అసలు ఫైలును చెరపలేదు. ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రకంగా కుదిస్తే చోటు సుమారు సగమే పడుతుంది, ధ్వని ఏమీ పోదు. మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఇంట్లో. మై ఫెయిర్ లేడీకి రెండు ఫోల్డర్లు ఉన్నాయి, పేర్లలో ఏడాది ముందు రాశాను, 1956, 1959 అని.