గుడ్డు వేయని కేకులో నీచు వాసన

మా పాప ఏడో పుట్టినరోజు ఈసారి సరిగ్గా కార్తీక సోమవారం పడింది. దానికి తోడు అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. మామూలు రోజుల్లోనే మా ఫ్రిజ్‌లో గుడ్ల ట్రే కనబడితే మంచినీళ్ళు కూడా బిందెలోంచే తీసుకునే మనిషి. ఇక కార్తీకంలో చెప్పాలా?

మా వీధి చివర బేకరీలో ఎగ్‌లెస్ అడిగితే కిలోకి వంద ఎక్కువన్నారు. సరే అన్నాను. ఇంతలో కౌంటర్ కుర్రాడు మామూలు కేకు కోసిన కత్తితోనే పక్కనున్న ఎగ్‌లెస్ కేకు కూడా కోశాడు. అదేంటని అడిగితే "తుడిచాను కదా సార్" అన్నాడు. నేను ఆర్డర్ ఇవ్వకుండా వచ్చేశాను. ఎగ్‌లెస్ కేకు కొనేవాళ్ళు ఆర్డర్ ఇచ్చేముందు ఒక్క ఐదు నిమిషాలు ఆ కత్తి మీద కన్నేసి నిలబడండి, అంతే చెబుతాను.

ఇంట్లో నేనే చేస్తానన్నాను. "చేస్తే నువ్వే చెయ్యి, మధ్యలో నన్ను లాగకు" అంది మా ఆవిడ. పాత గిన్నెలో ఎప్పుడో గుడ్డు కేకు చేశాం కాబట్టి 7 అంగుళాల గిన్నె కొత్తది కొన్నాను. అక్కడితో తేలికైన పనులు అయిపోయాయి.

గుడ్డు బదులు ఏం వేయాలన్న దగ్గర మొదలైంది అసలు తలనొప్పి. వారం ముందు నుంచే రోజూ రాత్రి ఒక చిన్న కేకు చేసి చూశాను. ఒక్కో గుడ్డుకి పావు కప్పు పెరుగు వేస్తే మెత్తగా వచ్చింది. అరటిపండు చిదిమి వేస్తే బాగానే ఉంది కానీ వెనీలా ఎంత పోసినా అరటిపండు వాసనే. మిల్క్‌మెయిడ్ కేకు పాప తినేసింది, నాకు మాత్రం పాలకోవా తిన్నట్టుంది. శనగలు ఉడికించిన నీళ్ళు గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలాగే నురగ వస్తుందని విన్నాను, నిజంగానే వచ్చింది. పది నిమిషాలు బీటర్ పట్టుకుని చెయ్యి లాగేసింది గానీ, ఆ నురగ చూస్తుంటే భలే సరదా వేసింది.

ఇన్ని బాగానే వచ్చాక పెరుగు కేకు చేసేస్తే పోయేది. కానీ ఆఫీసులో ఒకాయన "అవిసె గింజలు వేయండి, గుండెకి మంచిది" అన్నాడు. వీడియోల్లోనూ అదే పాట. పెద్ద చెంచా పొడి, మూడు పెద్ద చెంచాల నీళ్ళు, పది నిమిషాలు నానితే బంకగా అవుతుంది, అదే ఒక గుడ్డు. నేను కూడా హెల్దీ కేకు చేశానని నలుగురిలో చెప్పుకోవాలనిపించింది. మంచి బట్టర్ కేకు రెసిపీ ఒకటి ఉంది, అందులో మూడు గుడ్లు. అంటే మూడు చెంచాల పొడి, తొమ్మిది చెంచాల నీళ్ళు. గింజలు మిక్సీ వేసే ఓపిక లేక కొట్లో పొడి ప్యాకెట్టే తెచ్చాను.

సాయంత్రం చుట్టాలు వచ్చారు. అత్తగారు పొద్దుటి నుంచి ఉపవాసం. దీపం పెట్టి, నక్షత్రం చూసి, భోంచేశాకే కేకు కోయాలని పాపని ఆపాం. ఆ ఖాళీలో నేను ఊరుకోకుండా ఉపన్యాసం మొదలెట్టాను. కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డు ఉండదని మీకు తెలుసా, 1837లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకి గుడ్డు పడదని మొక్కజొన్న పిండితో కనిపెట్టాడు, మనిషి తలచుకుంటే గుడ్డెందుకు అని. బావమరిది ఆవలించాడు. నేను ఆపలేదు.

కేకు మధ్యలో కాస్త గుంట పడింది, దాన్ని క్రీముతో కప్పేశాను. పాప కోసింది, అందరూ చప్పట్లు కొట్టారు. అత్తగారు మామూలుగా ఇలాంటివి ముట్టరు. "మీరు స్వయంగా చేశారుగా బాబూ" అని చిన్న ముక్క తీసుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు, నమలడం ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలా మెల్లగా, నాకు ఒక్కడికే వినిపించాలన్నట్టు అన్నారు: "బాబూ, ఏమీ అనుకోకండి... ఏదో నీచు వాసన వస్తోంది."

ఆ మాట గది మొత్తం వినబడింది. నేను ఒక ముక్క వాసన చూశాను. చేపల బుట్ట పక్కన పెట్టిన కేకులా ఉంది. అబద్ధమెందుకు, అంతవరకూ నా ముక్కు ఏమైందో నాకే తెలియదు. బహుశా వెనీలా సీసా నాలుగు రోజులుగా పక్కనే ఉండి ముక్కు మొద్దుబారిందేమో. అత్తగారు లేచి పుక్కిలించడానికి వెళ్ళారు. రోజంతా ఉపవాసం ఉన్న మనిషి! నేను వంటింట్లోకి పరిగెత్తి ప్యాకెట్ తెచ్చి, పచ్చ చుక్క చూపించి, "చూడండి, శాకాహారమే" అని ఇంటిల్లిపాదికీ తిప్పాను. బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి, "చేపకి పచ్చ చుక్క వేసి అమ్మారేమో బావా" అన్నాడు. అందరూ నవ్వారు, మా ఆవిడ కూడా. పాప మాత్రం క్రీము నాకేసి ముక్క ప్లేటులో వదిలేసింది.

రాత్రి ప్యాకెట్ చూస్తే తయారై ఎనిమిది నెలలు. అవిసె గింజల్లో నూనె ఎక్కువ. పొడి చేశాక గాలి తగిలి తొందరగా చెడిపోతుంది, చెడితే నీచు కంపు, పెయింటు కంపు కొడుతుంది. చిత్రకారులు రంగుల్లో కలుపుకునే లిన్‌సీడ్ ఆయిల్ ఈ గింజలదే, ఇంకేం చెప్పాలి. గింజలు కొని అప్పటికప్పుడు మిక్సీ వేసుకుని, మిగిలింది ఫ్రీజర్లో పెట్టుకునేవాళ్ళు వాడుకోండి. పొడి ప్యాకెట్ మాత్రం నా శత్రువుకి కూడా చెప్పను. ఆఫీసులో సలహా ఇచ్చినాయన మర్నాడు "ఎలా వచ్చింది?" అని అడిగాడు. "గుండెకి మంచిదే, ముక్కుకే కాదు" అన్నాను.

గుంట కథ వేరు. గుడ్డు ఒకటే పని చెయ్యదు. గిలక్కొడితే గాలిని పట్టి ఉంచుతుంది, వేడికి గట్టిపడి కేకుని నిలబెడుతుంది, పచ్చసొన నూనెనీ నీళ్ళనీ కలిపి ఉంచుతుంది. అవిసె బంక అతికించే పని మాత్రం చేస్తుంది, పొంగించదు. ఒక గుడ్డు ఉన్న రెసిపీలో సర్దుకుపోవచ్చు. మూడు, నాలుగు గుడ్లున్న కేకులో వాటి బదులు ఏదో ఒకటి పోసి అదే కేకు రావాలనుకోవడం నా తెలివితక్కువ. అలాంటప్పుడు మొదటి నుంచీ గుడ్డు లేకుండా రాసుకున్న రెసిపీ పట్టుకోవాలి.

అందుకే మొన్న ఆదివారం పంతంగా మళ్ళీ చేశాను. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార బాగా కరిగించి, చిన్న చెంచా బేకింగ్ పౌడరు, అర చిన్న చెంచా వంటసోడా వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే గిన్నె నిండా బుసబుసా పొంగుతుంది. ఆ పొంగు చూశాక నాకు సగం టెన్షన్ పోయింది. అర కప్పు నూనె, వెనీలా, కప్పున్నర జల్లించిన మైదా. మైదా వేశాక ఎక్కువ కలపకూడదు, కలిపితే రబ్బరు ముక్కే. సోడా అర చెంచా దాటితే సబ్బు రుచి వస్తుంది, అది కూడా వారం క్రితం తిన్నాను. 180 డిగ్రీల్లో 35 నిమిషాలు పెట్టాను. మధ్యలో గుచ్చిన పుల్ల శుభ్రంగా బయటికొచ్చింది, గుంట లేదు.

అత్తగారు ఆ సాయంత్రమే తెనాలి బండెక్కాలి. ప్లేటులో ఒక ముక్క పెట్టి ఆవిడ ముందుంచాను, ఏమీ మాట్లాడకుండా. ఆవిడా ఏమీ అనలేదు. ముక్క తీసి ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. తిన్నారు. కాసేపటికి మా ఆవిడని పిలిచి, దారిలోకి ఇంకో రెండు ముక్కలు స్టీలు డబ్బాలో పెట్టమన్నారు. డబ్బా చేతికొచ్చాక మూత తీసి, ఇంకోసారి వాసన చూసి, సంచిలో పెట్టుకున్నారు.