గుంటలో దొందు

ఆదివారం. భోజనాలయ్యాక కాస్త కునుకు తీద్దామనుకుంటే మావాడు పడనివ్వలేదు. అమావాస్య వెళ్లిన మర్నాడు సముద్రం మామూలుకంటే బాగా వెనక్కి తగ్గుతుందని వాడికి నేనే చెప్పి ఇరుక్కున్నాను. మూడున్నరకి విశాఖ బీచిలో తెన్నేటి పార్కు కింది రాళ్ల మీదికి దిగాం.

నీళ్లు తగ్గాక రాళ్ల మధ్య అక్కడక్కడా గుంటలు మిగులుతాయి. మొదట వాటిలో ఏమీ కనబడదు. రెండు నిమిషాలు కదలకుండా కూర్చుంటే అడుగున రాతిముక్క ఒకటి కళ్లు తిప్పుతుంది! వేలెడంత చేప, ఒంటినిండా మట్టిరంగు మచ్చలు. ఇంగ్లీషులో గోబీ అంటారు. పొట్ట కింది రెండు రెక్కలూ కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. దాంతో రాయిని కరుచుకుని కూర్చుంటుంది కాబట్టే అలలు దాన్ని ఊడ్చుకుపోలేవు.

గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయన్ని "ఇదేం చేప బాబూ?" అని అడిగాను. "దొందేనమ్మా. దాన్ని వొగ్గీండి, గుప్పెడు పట్టినా పులుసుకి రాదు" అన్నాడు. దొందు అనగానే అమ్మమ్మ వండే ఇసుకదొందుల పులుసు గుర్తొచ్చింది. అవి ఏటి చేపలు, ఇది ఉప్పునీళ్లది, కానీ రెండూ ఒకే కుటుంబం.

మావాడు వింటేగా! టీ తాగిన పేపరు కప్పుతో దాన్ని పట్టబోయాడు. అది టప్పున ఎగిరి, మధ్యలో ఉన్న రాయి దాటి పక్క గుంటలో పడింది. మళ్లీ వెళ్తే ఇంకో గుంటలోకి. ఒక్కసారి కూడా పొడిరాయి మీద పడలేదు. అవతల నీళ్లున్నాయో లేవో గుంటలోంచి కనబడదు కదా, దానికెలా తెలుసు?

ఇంటికొచ్చాక వెతికితే దొరికింది. ఈ దొందుకి అట్లాంటిక్ వైపు ఒక బంధువుంది. దాని మీద లెస్టర్ ఆరన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1951లోనే రాశాడు. పోటు వచ్చి రాళ్లన్నీ మునిగినప్పుడు ఆ చేప వాటి మీదుగా ఈదుతూ ఎక్కడ పల్లముందో చూసి పెట్టుకుంటుందట. నీళ్లు దిగాక ఆ గుర్తుతోనే దూకుతుంది. ఒక్క పోటు చాలు నేర్చుకోవడానికి. ఆ తర్వాత 40 రోజులైనా మరిచిపోలేదట. నాకు మొన్న తీసిన గ్యాస్ బుక్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ ఓడ 'మా' కొట్టుకొచ్చి చిక్కుకుపోయింది కూడా ఈ పార్కు దగ్గరే. నెలలు గడిచినా కదలని ఆ ఇనప కొండని చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. పక్క గుంటల్లో ఈ వేలెడు చేప దారి తప్పకుండా దూకుతూనే ఉండి ఉంటుంది, ఎవరు చూశారు?

పోటు మొదలయ్యేసరికి పైకొచ్చాం. రోడ్డు పక్కన బళ్ల వరసలో మా స్కూటీ కనబడలేదు. అటు చివరనుకుని నేను, ఇటు చివరని వాడు, పావుగంట వెతికాం. తీరా చూస్తే ఐస్‌క్రీం బండి వెనకే ఉంది.

రాత్రి ఇదంతా చెప్తే మావారు పేపరులోంచి తలెత్తకుండానే, "తల్లీ కొడుకులు దొందూ దొందే" అన్నారు.