గొట్టం మీద చెరిగిన పేరు

మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ఎనభై దాటాయి. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ దగ్గర మేం ఇల్లు తీసుకున్న మొదటి చలికాలం, వాకిట్లో మంచు ఎత్తడానికి మా దగ్గర పార కూడా లేకపోతే తన పార తెచ్చిచ్చింది. అప్పటినుంచి పరిచయం. పోయిన ఏడాది ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లాలని నిర్ణయించుకున్నాక నన్ను పిలిచి, హాల్లో పొయ్యి పైన కొక్కేలకు పెట్టి ఉన్న పాత తుపాకీ చూపించింది. "దీన్ని మా మనవడికి ఇస్తున్నాను. వట్టి తుపాకీ అని చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. ఎవరు చేశారో కనుక్కుని చెప్పగలవా?" అని అడిగింది.

తుపాకీకి దారంతో ఒక చిన్న అట్ట కట్టి ఉంది. కొన్నేళ్ల క్రితం పాత వస్తువులు అమ్మే ఒకాయన చూసి రాసిచ్చిన చీటీ అట. "గోల్చర్ రైఫిల్, సివిల్ వార్, గెటిస్‌బర్గ్" అని ఉంది. అంటే గోల్చర్ అనేవాడు చేసింది, అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరులో వాడింది అని. ఇంట్లో అందరూ అదే నమ్ముతూ వచ్చారు. ట్రిగ్గర్ పైన పక్కనుండే ఇనుప పలక, లాక్ ప్లేట్ మీద నిజంగానే "గోల్చర్" అని చెక్కి ఉంది కాబట్టి నేనూ పది నిమిషాల్లో అయిపోయే పని అనుకున్నాను. ఆరు వారాలు పట్టింది.

ఇంటికి తెచ్చేముందే మా చిన్నాయనకు వీడియో కాల్ చేసి చూపించాను. మాది పలమనేరు వైపు. అడవి పందుల నుంచి వేరుశనగ చేను కాపాడుకోవడానికి మా తాతకు లైసెన్సున్న నాటు తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో జమ చేసి, అయ్యాక తెచ్చుకునేవాడు. అదీ మూతి నుంచి మందు కూరేదే, ఇదీ అదే. చిన్నాయన తుపాకీ అందం గురించి ఒక్క మాట కూడా అనలేదు. "ముందు లోపల మందుండాదో లేదో చూసినావా? తాత ఏం చేసేవాడో మర్చిపోయినావా?" అన్నాడు.

మర్చిపోలేదు. తాత చేసినట్టే చేశాను. మూతి నా వైపుగానీ, ఇంకెవరి వైపుగానీ లేకుండా పెట్టి, ఒక చెక్క పుల్లను గొట్టంలోకి నెమ్మదిగా దించి, ఆగినచోట మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాను. తర్వాత అదే పుల్లను గొట్టం పైన ఆనించి కొలిచాను. గొట్టం ఖాళీగా ఉంటే పుల్ల కొస నిపుల్, అంటే లోపలి మందుకు నిప్పందించే బుడిపె, ఉన్నచోటు దాకా రావాలి. రెండు వేళ్ల వెడల్పు తక్కువ వచ్చింది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే.

లోపల మందుంది. పొయ్యి పైన, పిల్లలు ఆడుకునే హాల్లో, ఎన్ని దశాబ్దాలుగానో. తుపాకీ మందు తడి తగలకపోతే నూరేళ్లయినా చావదు. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత మైదానంలో ఏరిన తుపాకుల్లో దాదాపు 24 వేలు మందు కూరినవే అని లెక్కగట్టారు. పాత మూతి తుపాకీ ఏది చేతికొచ్చినా ఖాళీ అని నమ్మడానికి లేదు. పేరు చదవడం తర్వాతి సంగతి, ముందు ఈ కొలత.

దాన్ని నేను ముట్టుకోలేదు. మూతి తుపాకులు బాగుచేసే ఒక పనివాడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన నిపుల్ విప్పి, నీళ్లు పోసి, మందు పూర్తిగా నానేదాకా ఆగి, కడ్డీ కొసకు మర బిగించి గుండులోకి దింపి లాగాడు. సీసం గుండు, దాని చుట్టూ మడత పెట్టిన గుడ్డ ముక్క బయటికొచ్చాయి. తలగడ గలీబుకి వాడే నీలిగీతల గుడ్డ. నూనె పట్టి నల్లబడినా గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఎవరో ఒకాయన ఒకరోజు వేటకని కూరి, పేల్చకుండానే ఇంటికి తిరిగొచ్చాడు.

ఇక పేరు సంగతి.

చీటీలోని "సివిల్ వార్" అన్నది ముందు తేలిపోయింది. సైన్యం తుపాకీ తన గుర్తులను దాచుకోదు. ఆ యుద్ధంలో ఎక్కువగా వాడిన స్ప్రింగ్‌ఫీల్డ్ 1861 మోడల్‌నే తీసుకుంటే, లాక్ ప్లేట్ మీద గద్ద, "యు.ఎస్. స్ప్రింగ్‌ఫీల్డ్" అన్న అక్షరాలు, ఏడాది ఉంటాయి. గొట్టం వెనక భాగంలో "వి", "పి" అనే రెండు అక్షరాలు, గద్ద తల ఉంటాయి. వి అంటే తనిఖీ అయింది, పి అంటే ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించారు అని. ఎడమవైపు చెక్క మీద తనిఖీదారు పొడి అక్షరాల ముద్ర. ప్రైవేటు కాంట్రాక్టర్లు చేసిన వాటి మీద ఊరి పేరో, కంపెనీ పేరో ఉంటుంది. "బ్రైడ్స్‌బర్గ్" అని ఉంటే అది ఫిలడెల్ఫియాలో ఆల్ఫ్రెడ్ జెంక్స్ అండ్ సన్ చేసింది. వాళ్ల అసలు పని నూలు మిల్లుల యంత్రాలు. యుద్ధం రాగానే తుపాకులకు తిరిగారు. "ట్రెంటన్" అని ఉంటే అది రైలింజన్ల కార్ఖానా. ఈ ముద్రలన్నీ నాకు గెటిస్‌బర్గ్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ కొన్ని కొన్ని పట్టుబడ్డాయి.

మా చేతిలో ఉన్నదాని మీద గద్ద లేదు, వి లేదు, పి లేదు, ఏడాది లేదు. సైన్యం తుపాకీకి గొట్టం పొడుగునా మూడు పట్టీలు, 0.58 అంగుళాల రంధ్రం ఉంటాయి. దీనికి పట్టీలే లేవు. ఎనిమిది పలకల బరువైన గొట్టం, అందులో సగందాకా మాత్రమే చెక్క. వేట తుపాకీ. ఇది యుద్ధంలో లేదని చెప్పడానికి కాస్త వెనకాడాను. ఆవిడ మాత్రం తేలిగ్గా, "మంచిదే, మనిషి మీదికి ఎత్తలేదన్నమాట" అంది.

తర్వాత గోల్చర్. నేను పొరపడింది ఇక్కడే, ఆ చీటీ రాసినాయన పొరపడిందీ ఇక్కడే. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఊరూరా తుపాకులు చేసే కమ్మరులు ఉండేవాళ్లు, కానీ అన్ని భాగాలూ వాళ్లే చేసుకునేవాళ్లు కాదు. లాక్, అంటే హ్యామర్, స్ప్రింగ్ ఉండే ఆ యంత్రం, సిద్ధంగా చేసింది హార్డ్‌వేర్ కొట్లో దొరికేది. అంతకు ముందు చెకుముకి రాయి రోజుల్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి "కెట్‌లాండ్" అని రాసిన లాకులు ఓడల్లో దిగేవి. తర్వాత ఫిలడెల్ఫియా గోల్చర్ పేరుతో వచ్చిన లాకులు లెక్కలేనన్ని చేతుల్లోకి పోయాయి. అందుకే ఈ రోజు అమెరికాలో అటకల మీద దొరికే పాత వేట తుపాకుల్లో చాలావాటి మీద గోల్చర్ అనే కనిపిస్తుంది. గోడ గడియారంలో బ్యాటరీ మీద ఉన్న పేరు చదివి గడియారం కంపెనీ అదే అనుకుంటే ఎలా ఉంటుందో, లాక్ మీద పేరు చదివి తుపాకీ చేసినవాడి పేరు చెప్పడం అలా ఉంటుంది.

చేసినవాడు తన పేరు గొట్టం మీద వేసుకుంటాడు. ఎనిమిది పలకల్లో పై పలక మీద, గురి చూసే వెనక సైటుకీ గొట్టం వెనక చివరకీ మధ్య. అక్కడ చూస్తే ఏమీ లేదు. ఆవిడ చెప్పింది: భర్త ఉన్నప్పుడు, తుప్పు పట్టిందని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని తీగ బ్రష్షుతో మిలమిలలాడేలా తోమాడట. ప్రేమతోనే తోమాడు. పేరు పోయింది. పాత ఇనుము మీద గోధుమరంగు పొర అలాగే ఉండనివ్వాలని, మెత్తటి గుడ్డతో కాస్త నూనె రాస్తే చాలని ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

కానీ ముద్ర గుద్దినప్పుడు ఇనుము కొంత లోతుదాకా నలుగుతుంది. పైన అరిగినా అడుగు మిగలవచ్చు. రాత్రి వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, తుపాకీ పెట్టి, లైట్లన్నీ ఆర్పేశాను. టార్చిని గొట్టానికి దాదాపు సమాంతరంగా, ఇనుము మీద వెలుతురు జారేలా పట్టుకున్నాను. పైనుంచి వేస్తే నున్నటి ఇనుమే. పక్కనుంచి వేస్తే చిన్న పల్లం కూడా నీడ పడుతుంది. పది నిమిషాలకు కళ్లు అలవాటు పడ్డాక నాలుగు అక్షరాలు లేచాయి: సి, ఏ, ఎస్, టి.

కాస్ట్! నీరసం వచ్చింది. ఆ రోజుల్లో చాలా గొట్టాల మీద "కాస్ట్ స్టీల్" అని గుద్దేవాళ్లు. అది మూసలో కరిగించి చేసిన మంచి ఉక్కు అని చెప్పుకోవడమే, మనిషి పేరు కాదు. దాన్నే కంపెనీ పేరు అనుకునేవాళ్లూ ఉన్నారు. గొట్టాలు కూడా అమ్మకానికి దొరికేవి. న్యూయార్క్ రాష్ట్రంలో రెమింగ్‌టన్ వాళ్లు ఊరి కమ్మరులకు గొట్టాలు చేసి అమ్మేవాళ్లు. అంటే ఇది కొన్న గొట్టం, కొన్న లాక్, చేసినవాడు తన పేరు వేసుకోనేలేదు అనుకుని, వారంపాటు దాన్ని పక్కన పెట్టేశాను.

మళ్లీ తీసింది మా అమ్మాయి వల్ల. హోంవర్క్ అయ్యాక వచ్చి, "నాన్నా, నువ్వు ఎప్పుడూ కుడివైపు నుంచే టార్చ్ వేస్తున్నావు" అంది. ఎడమవైపు నుంచి తనే పట్టుకుంది. టి తర్వాత "స్టీల్"లోని ఎస్ రావాల్సినచోట ఇ, ఆ పక్కన ఆర్ అక్షరం కాలు వచ్చాయి. కొంచెం ఖాళీ. తర్వాత పి. సి ముందు ఎన్. ఇద్దరం ఒకేసారి అన్నాం: లాంకాస్టర్, పీఏ. పీఏ అంటే పెన్సిల్వేనియా. మేం ఉంటున్నది దాని దగ్గరే. రోజూ ఆఫీసుకు వెళ్తూ రోడ్డు బోర్డు మీద చూసే పేరు అది.

ఆ వరసకు పైన ఇంకో వరస ఉండాలి కదా. ఫోన్ కదలకుండా పుస్తకాల మీద పెట్టి, టార్చిని ఒక్కో అంగుళం జరుపుతూ నలభై ఫొటోలు తీశాం. ఒక దాంట్లో హెచ్ మొదటి నిలువు గీత, ఇంకో దాంట్లో ఎల్, మరో దాంట్లో ఎమ్, ఏ. పక్కపక్కన పెడితే: హెచ్. ఇ. లీమన్.

హెన్రీ లీమన్ లాంకాస్టర్‌లో 1830ల మధ్య నుంచి 1887లో చనిపోయేదాకా తుపాకులు చేశాడు. ఊరి కమ్మరి స్థాయి కాదు, పెద్ద కార్ఖానా. పశ్చిమాన ఉన్న మూలవాసుల తెగలకు ఇవ్వడానికి ప్రభుత్వం కొన్న రైఫిళ్లలో ఆయనవి చాలా ఉన్నాయి.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. లాక్ మీద పేరు నమ్మి ఒకసారి దెబ్బతిన్నాను, గొట్టం మీద పేరు చూసి ఎందుకు నమ్మాలి? ఈసారి చెక్కను అడిగాను. లీమన్ తుపాకుల గురించి తెలిసినవాళ్లందరూ చెప్పే మాట ఒకటుంది. ఖరీదైన మేపుల్ చెక్కలో పులిచారల్లాంటి అలలు సహజంగా ఉంటాయి. లీమన్ కార్ఖానాలో సాదా మేపుల్ మీద ఆ చారలను రంగుతో వేసేవాళ్లు. మా తుపాకీకి చారలున్నాయి. చెంప ఆనించేచోట, చెయ్యి పట్టేచోట మాత్రం లేవు. సహజమైన చార చెక్క లోపలిదాకా ఉంటుంది, ఎంత అరిగినా పోదు. ఇది అరిగింది. వేలితో తడుముతుంటే, ఎన్నో చలికాలాలు ఎవరి చెంప అక్కడ ఆనిందో ఆ చోటు తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత లాక్ విప్పాం. గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవరే వాడాలి. సన్నదానితో తిప్పితే గాడి చిరిగిపోతుంది, ఆ చిరుగు ఇక జన్మలో పోదు. ముందురోజు నూనె చుక్క వేసి ఉంచాను. ప్లేట్ బయటికి రాగానే గోల్చర్ సంగతి తేలింది. ప్లేటు తోకకు వెనక, చెక్కలో ఇంకో చిన్న చెక్క ముక్క అతికించి ఉంది. నార దిక్కు వేరు, రంగు వేరు. మొదట అక్కడ ఇంకాస్త పొడవైన లాక్ ఉండేది. అది విరిగో, స్ప్రింగ్ పోయో ఉంటుంది. ఎవరో కొట్లో గోల్చర్ లాక్ కొనుక్కొచ్చి బిగించి, మిగిలిన సందును ఎంతో శ్రద్ధగా పూడ్చారు.

గొట్టం తీసి అడుగు చూస్తే ఉలితో పెట్టిన రెండు గాట్లు కనిపించాయి. వాటిని పొడి అక్షరాలు అనుకుని తలబద్దలు కొట్టుకునేవాళ్లను చూశాను. అవి బిగించే పనివాళ్ల గుర్తులు. గొట్టం వెనక మూసే బ్రీచ్ ప్లగ్ అడుగున కూడా అవే రెండు గాట్లున్నాయి. రెండూ మొదటినుంచీ జంటే.

అన్నీ తిరిగి బిగించి పట్టుకెళ్లి ఆవిడకు చెప్పాను. వరస నంబర్లు లేవు కాబట్టి ఏ ఏడాదిదో చెప్పలేను, లీమన్ పనిచేసిన ఆ యాభై ఏళ్లలోదే అన్నాను. 1968 నాటి ఫెడరల్ చట్టం 1898, అంతకు ముందు తయారైనవాటిని ఆంటిక్ కిందే చూస్తుందని, మనవడు ఉండే రాష్ట్రం చట్టం వేరుగా చూసుకోవాలని కూడా చెప్పాను. పాత అట్ట విప్పేసి కొత్తది రాయబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గోల్చర్‌ను కొట్టేయకు. రిపేరు చేసినాయన కూడా ఉన్నాడుగా ఇందులో" అంది.

అందుకని ఇలా రాశాను: "గొట్టం, చెక్క: హెచ్. ఇ. లీమన్, లాంకాస్టర్. లాక్: గోల్చర్, తర్వాత మార్చింది. మార్చిన పనివాడి పేరు తెలియదు." ఆవిడ నీలిగీతల గుడ్డ ముక్కను, సీసం గుండును ఒక కవరులో వేసి, దాని మీద "లోపల ఉన్నది" అని రాసి, ఆ అట్టకే కట్టింది.