ఫ్లాప్ లివరు తేలిక చేసిన ఆదివారం

ఇవాళంతా టంగుటూరు దగ్గర మా అన్న వాళ్ళ పొగాకు షెడ్డులోనే గడిచింది. బేళ్ళన్నీ వేలానికి వెళ్ళిపోయాయి కాబట్టి షెడ్డు ఖాళీ, ఆ ఖాళీలో మా అన్న కొడుకు కట్టుకుంటున్న రెండు సీట్ల విమానం ఉంది. 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ విమానాలు బాగా కిందికి వచ్చి మళ్ళీ పైకి లేచిపోతుంటే వాడు చూసొచ్చాడు, అప్పట్నుంచీ వాడికి ఇదే ధ్యాస. ఎక్కడ ఎగరేస్తావురా అంటే బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి దొనకొండ రన్‌వే పేరు చెప్తాడు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి నట్టు బిగించాలన్నా ముందు ఫోను నాకే వస్తుంది. రావాలి కూడా.

సంగతేందంటే, ఫ్లాప్ లివరు బరువుగా ఉంది. ఫ్లాపులంటే దిగేటప్పుడు కిందికి వంచే, రెక్కల వెనక అంచునుండే పలకలు. సీట్ల మధ్యనున్న చేతి లివరు లాగితే ఒక పుష్ రాడ్ కదిలి సీట్ల వెనక అడ్డంగా ఉన్న టార్క్ ట్యూబ్‌ని, దానికి బిగించిన ఆర్మ్ అనే చిన్న కాడని తోసి తిప్పుతుంది, ఆ ట్యూబ్ రెండు కొసల నుంచి వెళ్ళే రాడ్లు కుడి ఎడమ ఫ్లాపుల్ని ఒకేసారి దించుతాయి. నేల మీద ఊరికే లాగితే ఆ బరువు తెలియదు. గాల్లో ఫ్లాప్‌ని పైకి తోసే ఒత్తిడి వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది, వేగం 50 నాట్ల నుంచి 60కి వెళ్తే దాదాపు 44 శాతం ఎక్కువ. ఆ బరువు లెక్కగట్టి షెడ్డు దూలానికి కప్పీలు కట్టి, ఇసుక సంచులతో రెండు ఫ్లాపుల్నీ పైకి లాగిస్తూ లివరుకి స్ప్రింగ్ కాటా తగిలిస్తే 18 కిలోలు చూపించింది. ల్యాండింగ్ ముందు ఒక చేత్తో స్టిక్కు పట్టుకుని ఇంకో చేత్తో 18 కిలోలు లాగడమంటే విమానం నిలకడ పోయినట్టే.

"బాబాయ్, ట్యూబ్ మీదున్న ఆర్మ్‌కి పది మిల్లీమీటర్లు పైన ఇంకో బెజ్జం వేస్తే సరిపోదా?" అన్నాడు. లెక్క కరెక్టే. ట్యూబ్ మధ్య నుంచి బెజ్జానికి ఇప్పుడు 50 మిల్లీమీటర్లు, దాన్ని 60 చేస్తే చేతి మీద పడే బరువు ఆరో వంతు తగ్గుతుంది. ఫ్లాప్ దిగే కోణం కూడా అంతే తగ్గుతుంది, 36 డిగ్రీల దాకా దిగేది 30 దగ్గరే ఆగుతుంది. దానికి నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే ఆ చివరి డిగ్రీల్లో లిఫ్ట్ (పైకి లేపే బలం) పెద్దగా పెరగదు, డ్రాగే (వెనక్కి లాగే గాలి బలమే) పెరుగుతుంది. దిగేటప్పుడు కాస్త ఎక్కువ దూరం తేలుతుంది, దానికి తగ్గట్టు రన్‌వే ఉంటే చాలు.

ఒప్పుకోనిది పాత ఆర్మ్‌లోనే బెజ్జం వెయ్యడానికి. బోల్టు 3/16 అంగుళం, అంటే 4.8 మిల్లీమీటర్లు. ఒక బెజ్జం మధ్య నుంచి ఇంకో బెజ్జం మధ్యకి వ్యాసానికి మూడు రెట్లు, అంటే 14 మిల్లీమీటర్ల పైనే ఉండాలి, ఇక్కడ దొరికేది పది. అంచు నుంచి రెండు రెట్లు ఉండాలి, పాత ఆర్మ్‌కి అంత పొడవే లేదు. రెండు బెజ్జాల మధ్య మిగిలే ఆ సన్నటి లోహం లాగినప్పుడల్లా అలిసిపోయి ఒకరోజు పగులుతుంది, అదీ సరిగ్గా బరువు ఎక్కువ పడే సమయంలో, అంటే నేలకి దగ్గరగా ఉన్నప్పుడు.

అందుకే విమానాలకి వాడే 4130 రకం స్టీలు ప్లేటుతో కొత్త ఆర్మే చేశాం. ట్యూబ్‌కి బోల్టులతో బిగించే రకం కావడంతో వెల్డింగ్ పని లేదు. కొలతలు సూదిమొన స్క్రైబర్‌తో గియ్యనివ్వలేదు, సన్న మార్కరుతోనే గీయించాను, గీరుడు పడ్డ చోటే పగులు మొదలవుతుంది. బెజ్జం కాస్త తక్కువ సైజులో డ్రిల్ చేసి, సరైన సైజుకి నున్నగా తెచ్చే రీమర్‌తో పూర్తి చేశాం, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాం. వాడు బజార్లో కొన్న బోల్టులు తెచ్చాడు, తిరిగి ఇచ్చెయ్యమన్నాను. వాటికి మర తలదాకా ఉంది, బెజ్జంలో మర కూర్చుంటే అది రంపంలా లోహాన్ని తినేస్తుంది. నున్నటి భాగం సరిగ్గా ప్లేటు మందానికి సరిపోయే విమానం బోల్టే కావాలి, నట్టు కూడా తల మీద గాళ్ళుండే క్యాసిల్ నట్టు, అది తిరిగి ఊడకుండా గాడిలోంచి దూర్చి కొసలు వంచే స్ప్లిట్ పిన్నుతో. తిరిగే కీలు దగ్గర నైలాక్ (లోపల నైలాన్ రింగుండే నట్టు) ఒక్కదాన్నే నమ్మకూడదు. రాడ్ ఎండ్ (రాడ్ కొసనుండే గుండు కీలు) బయటివైపు పెద్ద వాషరు కూడా వేశాం, లోపలి గుండు ఊడిపోయినా రాడ్ బోల్టు మీద నుంచి జారిపోదు.

ఆర్మ్ పొడుగైతే రాడ్ కోణమూ మారుతుంది, దీన్ని చాలామంది చూసుకోరు. రాడ్డూ ఆర్మూ ఒకే గీతలోకి వచ్చేస్తే ఎంత లాగినా ఆర్మ్ తిరగదు. అందుకని లివరుని ఒక్కో గాడిలో ఆపుతూ పూర్తిగా కిందికీ పైకీ నడిపించి, ఎక్కడా పట్టెయ్యడం లేదని, ఆర్మ్ కొస సీటు ఫ్రేముకి తగలడం లేదని టార్చి వేసి చూశాను. ఇసుక సంచులతో మళ్ళీ లాగిస్తే కాటా 15 కిలోలు చూపింది. వాడి మొహం చూడాలి! కోణం మాత్రం ఎడమ 30, కుడి 29 వచ్చింది. కుడి రాడ్ ఎండ్ కాస్త తిప్పి సరిచేశాం, మర లోపలికి సరిపడా ఉందో లేదో పక్కనున్న చిన్న బెజ్జంలో తీగ గుచ్చి చూసి లాక్ నట్టు బిగించాం.

భోజనాల దగ్గర, ఒక్కో ఫ్లాప్‌కి ఒక్కో మోటారు పెడితే చేతికి పనే ఉండదు గదా అన్నాడు. అక్కడ మాత్రం నేను గట్టిగానే చెప్పాను. ఒకటి దిగి ఇంకోటి ఆగిపోతే విమానం పక్కకి దొర్లిపోతుంది, తక్కువ ఎత్తులో దాన్ని సరిచెయ్యడానికి టైం ఉండదు. ఇప్పుడు రెండింటినీ కలిపి ఉంచేది ఆ ట్యూబే, లివరు తీసేసినా దాన్ని తియ్యకూడదు. మోటారు కావాలంటే ఒక్కటే పెట్టి ట్యూబ్‌నే తిప్పించు అన్నాను. కాసేపు ఆలోచించి "సరే బాబాయ్, ముందు లివరుతోనే ఎగరనీ" అన్నాడు.

సాయంత్రం డ్రాయింగూ కొలతలూ కాటా లెక్కలూ వాడిచేతే పుస్తకంలో రాయించి ఫొటోలు తీయించాను. ముంబైలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్ గారికి 2017లో గానీ డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాలేదు, ఇలాంటి కాగితాలు ఎన్ని ఉంటే అంత మంచిది. స్ప్లిట్ పిన్నులు ఇంకా వంచలేదు. వచ్చే వారం నా పాత స్క్వాడ్రన్ స్నేహితుడు నెల్లూరు నుంచి వస్తున్నాడు, ఈ పనిలో చెయ్యి పెట్టని వాడి కళ్ళు ఒకసారి చూశాకే అవి వంచుతాం.