గుండ్రటి లూప్ వస్తే సారుకు అనుమానమే

మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ సాలిడ్ స్టేట్ ల్యాబ్‌లో అప్పట్లో రెండు గుంపులు ఉండేవి: గాజు వాళ్లు, క్రిస్టల్ వాళ్లు. నేను గాజు వైపు. బోరిక్ ఆసిడ్, సోడియం కార్బొనేట్ తూచి, నూరి, వెయ్యి డిగ్రీల దగ్గర కరిగించి, ఇత్తడి పలక మీద పోసి మరో పలకతో నొక్కేవాళ్లం. వెంటనే అనీలింగ్‌కి (వేడిలో ఉంచి మెల్లగా చల్లార్చడానికి) పెట్టకపోతే లోపలి ఒత్తిడికి టప్పున పగిలేది. ఏప్రిల్లో ఆ ఫర్నేస్ పక్కన నిలబడటం గురించి చెప్పక్కర్లేదు.

అసలు తిప్పలు వానాకాలంలో. బోరేట్ గాజు తేమ పీల్చుకుంటుంది. పైన కంటికి కనపడని తడి పొర చేరితే కరెంటు అంతా దాని గుండానే పోతుంది. ఓ జూలైలో నా రీడింగులు చూసి సారు, "నువ్వు కొలిచింది గాజును కాదు బాబూ, హైదరాబాద్ వానను" అన్నారు. ఆ తర్వాత శాంపిల్‌ను వేడి చేసి ఆరబెట్టకుండా, గార్డ్ రింగ్ (పైపొర కరెంటును పక్కకు తప్పించే వలయం) వేయకుండా ఒక్క రీడింగూ తీయలేదు.

నన్ను గాజుకు కట్టిపడేసింది మిక్స్‌డ్ ఆల్కలీ ఎఫెక్ట్, అంటే సోడియం, పొటాషియం లాంటి రెండు ఆల్కలీ లోహాలను కలిపితే జరిగే వింత. ఆ గాజులో కరెంటును మోసేది సోడియం అయాన్లే. సగం సోడియం తీసేసి పొటాషియం వేస్తే వాహకత రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉండాలి కదా? ఉండదు. ఆల్కలీ బాగా ఉన్న గాజులో వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు పడిపోతుంది. సోడియం ఖాళీ చేసిన చోటు పొటాషియానికి సరిపడదు, దీని చోటు దానికి సరిపడదు. ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం. మొదటిసారి ఆ గ్రాఫ్ గీసినప్పుడు సారు మూడు శాంపిళ్లూ మళ్లీ కరిగించమన్నారు. మళ్లీ అదే వచ్చాకే నమ్మారు.

ఈపీఆర్‌లోనూ (అయస్కాంత క్షేత్రంలో జోడీలేని ఎలక్ట్రాన్లను పట్టే కొలత) అలాగే అనుకోనిది ఎదురయ్యేది. మాంగనీస్ వేస్తే ఆరు గీతలు, రాగికి నాలుగు, వెనడిల్‌కి ఎనిమిది. కేంద్రకం స్పిన్ లెక్కే అంత. కానీ ఇనుము అసలు వేయని గాజులో కూడా g విలువ (గీత ఎక్కడ వస్తుందో చెప్పే అంకె) 4.3 దగ్గర ఓ గీత కనిపించేది. రసాయనాలతో పాటు వచ్చిన ఇనుము మలినం అది. సీసా మీద ఎంత శుద్ధమని రాసున్నా సరే.

క్రిస్టల్ వాళ్లది ట్రైగ్లైసిన్ సల్ఫేట్. అది ఫెర్రోఎలక్ట్రిక్, అంటే బయటి వోల్టేజి తీసేసినా లోపల విద్యుత్ ధ్రువణం మిగిలే పదార్థం. దాని క్యూరీ ఉష్ణోగ్రత (ఆ గుణం పోయే వేడి) 49 డిగ్రీలే కాబట్టి మే నెలలో హీటర్‌కి పెద్దగా పని ఉండదని వాళ్లను ఏడిపించేవాళ్లం. ఆ గుణాన్ని కొలిచే 1930 నాటి సాయర్-టవర్ సర్క్యూట్‌నే, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న కెపాసిటర్లతో కట్టుకున్నారు. ఆసిలోస్కోప్ మీద లూప్ (వోల్టేజి అటూ ఇటూ మారుతుంటే ధ్రువణం గీసే చుట్టు) రాగానే అందరికీ సంబరం. సారు మాత్రం కొసలు చూసేవారు. కొసలు సన్నగా సాగితే సరే. కోడిగుడ్డులా ఉబ్బితే అది లీకేజీ, శాంపిల్ గుండా ఊరికే కారిపోయే కరెంటు. "49 దాటించండి, లూప్ మూసుకుపోతే అప్పుడు మాట్లాడదాం" అనేవారు. ఇప్పుడు శాంపిల్‌ను కొరియర్‌లో పంపి గ్రాఫ్ తెప్పించుకునే పిల్లలకు ఈ చాదస్తం ఎవరు నేర్పుతారో తెలీదు.

2008లో స్కాట్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త అరటితొక్కకు సిల్వర్ పేస్ట్ పూసి కొలిచి, దానికీ లూప్ వస్తుందని అచ్చు వేయించాడు. ఫెర్రోఎలక్ట్రిక్ అని జనం ప్రకటిస్తున్న లూపులు చాలావరకు ఇలాంటివే అని ఆయన ఎత్తిపొడుపు. ఆ పేపర్ ప్రింట్ తీసుకుని తార్నాకలో సారు ఇంటికి వెళ్లాను. అప్పటికి రిటైరయ్యారు. కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివి, "తొక్కను వేడి చేసి చూశాడా?" అని అడిగారు.