సీజీఎల్ ఇంగ్లిష్: 'సిల్వర్' మాటకి నా నోట్‌బుక్‌లో ఎంత చోటు పట్టిందంటే

తెలుగు మీడియంలో చదివి ఎస్సెస్సీ సీజీఎల్‌లో (డిగ్రీ అయినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే పరీక్ష) ఇంగ్లిష్ ఎలా లాగావు అని అడిగేవాళ్ళకి విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తే నయమనిపించింది. టైర్-1లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. టైర్-2లో 45 ప్రశ్నలు, 135 మార్కులు. అక్కడ తప్పు జవాబుకి ఒక మార్కు కోత కూడా ఉంది. కాబట్టి సగం తెలిసిన మాట అసలు తెలియని మాట కంటే ప్రమాదం. తెలియకపోతే వదిలేస్తాం, సగం తెలిస్తే పెట్టేసి పోగొట్టుకుంటాం.

కోచింగ్ మెటీరియల్‌లో వొకాబులరీ అంటే ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తెలుగు అర్థం. 'సిల్వర్' ఎదురుగా 'వెండి' అని ఉంటుంది, పని అయిపోయినట్టే. కానీ సిల్వర్ అంటే ఏమిటని ఏ పేపర్లోనూ అడగరు. పక్కన ఏ మాట చేరితే ఏ అర్థం వస్తుందో అడుగుతారు. అందుకే పెద్ద జాబితాలు పక్కన పెట్టి, మామూలు మాటలు కొన్ని ఎంచుకుని, ఒక్కోదాన్ని ఇంగ్లిష్‌లోనూ జీకేలోనూ అది పోయినంత దూరం వెంటపడి చదివాను. సిల్వర్ ఎలా చదివానో చెబితే పద్ధతి మీకే తెలుస్తుంది.

పేజీని రెండుగా విడదీశాను: వెండి ఉన్న సిల్వర్, వెండి లేని సిల్వర్. రెండోది మనకి కొత్త కాదు. మన ఇళ్ళల్లో 'సిల్వర్ గిన్నె' అంటే అల్యూమినియం గిన్నె, అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. పేరంటంలో రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణలో ఉండేది రాగి, నికెల్, జింక్. ఈ మిశ్రమ లోహం ప్రశ్న జనరల్ సైన్స్‌లో తిరిగి తిరిగి వస్తుంది, ఆప్షన్లలో వెండి కూడా పెట్టి ఊరిస్తారు. క్విక్‌సిల్వర్ అంటే పాదరసం. ఇక్కడ 'క్విక్' అంటే పాత ఇంగ్లిష్‌లో ప్రాణమున్నది అని, కదులుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు. విశేషణంగా వాడితే ఇట్టే మారిపోయే స్వభావం అని అర్థం. సిల్వర్‌ఫిష్ చేప కాదు, పాత పుస్తకాల్లో జిగురు తిని బతికే రెక్కల్లేని పురుగు. (చిక్కడపల్లి లైబ్రరీలో పాత సంపుటాలు తిరగేసినవాళ్ళకి ప్రత్యక్ష పరిచయమే.) సిల్వర్ ఓక్ ఓక్ జాతే కాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, అరకు కాఫీ తోటలకి నీడనిస్తూ మిరియం తీగల్ని మోసేది ఇదే. సిల్వర్‌బ్యాక్ అంటే వీపు మీద వెంట్రుకలు నెరిసిన మగ గొరిల్లా. అమెరికాలో స్టీలు చెంచాల్ని, ఫోర్కుల్ని కూడా సిల్వర్‌వేర్ అనే అంటారు. కాంప్రహెన్షన్‌లో ఆ మాట కనబడితే వెండి సామాను అనుకుని కథని ధనవంతుల ఇంటికి తీసుకుపోకండి.

సిల్వర్ రివల్యూషన్ కూడా ఈ వరసలోదే. అది గుడ్ల ఉత్పత్తికి పేరు. సిల్వర్ ఫైబర్ రివల్యూషన్ అయితే పత్తి. ఈ రెండింటినీ ఒకే ప్రశ్నలో పక్కపక్కన పెట్టడం ఎగ్జామినర్లకి భలే ఇష్టం.

వెండి ఉన్నవైపు సైన్స్ ఎక్కువ. ఎలిమెంట్ సింబల్ ఏజీ, లాటిన్‌లో అర్జెంటమ్ నుంచి వచ్చింది, అర్జెంటీనా పేరుకీ మూలం అదే. పరమాణు సంఖ్య 47. విద్యుత్తుని అన్ని లోహాల కంటే బాగా ప్రసరింపజేసేది వెండే, రాగి దాని తర్వాతే. స్టెర్లింగ్ సిల్వర్ అంటే 92.5 శాతం వెండి, పట్టీల మీద కనిపించే 925 ముద్ర అదే. ఆ పట్టీలు నల్లబడటానికి కారణం సిల్వర్ సల్ఫైడ్. వేలి మీద ఓటు సిరాలో ఉండేది సిల్వర్ నైట్రేట్. 1962 ఎన్నికల నుంచి ఆ సిరా మైసూరులోని కర్ణాటక ప్రభుత్వ సంస్థలో తయారవుతోంది. మేఘమథనానికి చల్లేది సిల్వర్ అయొడైడ్, పాత ఫోటో ఫిల్ముల్లో పూసేది సిల్వర్ బ్రొమైడ్. నైట్రేట్, అయొడైడ్, బ్రొమైడ్ మూడింటినీ కలిపి 'జతపరచండి' ఇస్తే ఒక్కటి తారుమారైనా పోయినట్టే, కాబట్టి వీటిని విడివిడిగా కాకుండా ఒకే గుక్కలో గుర్తుపెట్టుకోవాలి.

హిస్టరీలో షేర్షా 178 గ్రెయిన్ల వెండి రూపాయి తెలిసిందే. రూపాయి అనే మాటే 'రూప్య' నుంచి వచ్చింది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రజలు తెచ్చిన వెండిని నాణేలుగా ముద్రించి ఇవ్వడం ఆపేసింది, ఎకానమీ పుస్తకాల్లో ఈ తేదీని చాలామంది దాటేస్తారు. జీఐ ట్యాగుల్లో (ఒక ప్రాంతానికి ప్రత్యేకమైన వస్తువుకిచ్చే గుర్తింపు) కరీంనగర్ ఫిలిగ్రీ, అంటే సన్నని వెండి తీగతో అల్లే పని. స్పోర్ట్స్‌లో సింధు 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం. నీరజ్ చోప్రాకి టోక్యోలో స్వర్ణం, 2024 పారిస్‌లో రజతం. ఇవి మీరెలాగూ చదివే ఉంటారు.

ఇక ఇడియమ్స్. మార్కులున్నది ఇక్కడే. నేను పాటించిన నియమం ఒకటే: తెలుగులో ఆ సందర్భంలో మనం ఏమంటామో అది రాసుకోవాలి, ఇంగ్లిష్ మాటల్ని ఒక్కొక్కటిగా తెలుగు చేయకూడదు. 'బోర్న్ విత్ ఎ సిల్వర్ స్పూన్' పక్కన 'ఆగర్భ శ్రీమంతుడు' అని రాసుకుంటే చెంచాతో పని లేదు. 'ఆన్ ఎ సిల్వర్ ప్లాటర్' అంటే వడ్డించిన విస్తరి. 'సిల్వర్ బులెట్' అంటే ఏ సమస్యకైనా ఒకే మందు అనిపించే పరిష్కారం. ఎడిటోరియల్స్‌లో దాదాపు ఎప్పుడూ 'అలాంటిదేమీ లేదు' అనే వాక్యంలోనే వస్తుంది, క్లోజ్ టెస్ట్‌లో (పేరాలో ఖాళీలు పూరించే ప్రశ్న) 'నో' అనే మాట కనబడగానే జవాబు దొరికిపోతుంది. 'సిల్వర్ లైనింగ్' అంటే అంత కష్టంలోనూ కాస్త ఊరట. 'సిల్వర్ టంగ్డ్' అంటే మాట్లాడి ఒప్పించగల నేర్పరి. దీనికి అబద్ధాలకోరు అనే ఆప్షన్ తప్పకుండా ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. 'థర్టీ పీసెస్ ఆఫ్ సిల్వర్' శిష్యుడు యూదా ఏసుని పట్టించి తీసుకున్న సొమ్ము, అంటే నమ్మకద్రోహానికి దక్కిన ప్రతిఫలం.

నాకు బాగా నచ్చింది 'సెల్లింగ్ ద ఫ్యామిలీ సిల్వర్'. 1985లో బ్రిటన్ మాజీ ప్రధాని హెరాల్డ్ మాక్మిలన్ ప్రైవేటీకరణని ఇంట్లో వెండి సామాను అమ్ముకోవడంతో పోల్చాక ఈ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మన పత్రికల్లో పెట్టుబడుల ఉపసంహరణ వార్తల్లో కనబడుతుంది. విశాఖ ఉక్కు గొడవ ఫాలో అయినవాళ్ళకి వేరే అర్థం చెప్పక్కర్లేదు. డిస్క్రిప్టివ్ పేపర్ ఉన్న పరీక్షలు రాసేవాళ్ళు దీన్ని వ్యాసంలో ఒకసారి వాడుకోవచ్చు. ఒకసారే సుమా, రెండోసారి వాడితే బట్టీ పట్టినట్టు తెలిసిపోతుంది.

గ్రామర్ సంగతి చిన్నదే. లోహమైతే లెక్కపెట్టలేం కాబట్టి ముందు 'ఎ' రాదు, పతకమైతే 'ఎ సిల్వర్' అనాలి. వస్తువులో లోహం లోహంగానే కనిపిస్తుంటే 'మేడ్ ఆఫ్' వాడాలి, 'మేడ్ ఫ్రమ్' కాదు. ఎర్రర్ స్పాటింగ్‌లో ఈ రెండూ చూసుకుంటే చాలు.

ఇదంతా ఒక్క రోజులో కూర్చుని రాసింది కాదు. మాక్ టెస్ట్‌లోనో పేపర్లోనో సిల్వర్ కనబడినప్పుడల్లా పేజీ తీసి ఒక వాక్యం చేర్చేవాణ్ణి. అర్థం ఒక్కటే కాదు, ఆ మాట ఉన్న వాక్యం మొత్తం. రివిజన్ అప్పుడు అర్థం వైపు మూసేసి వాక్యం చదివి చెప్పుకునేవాణ్ణి.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు 'సాల్ట్' తీసుకోండి. దండి సత్యాగ్రహం నుంచి కెమిస్ట్రీ దాకా, 'పించ్ ఆఫ్ సాల్ట్' నుంచి 'శాలరీ' అనే మాట పుట్టుక దాకా బోలెడు సరుకుంది. 'హ్యాండ్', 'హెడ్' లాంటివి మొదట్లో వద్దు. ఇడియమ్స్ మరీ ఎక్కువ, జీకే దాదాపు ఏమీ రాదు, పేజీలు నిండేసరికే విసుగొచ్చేస్తుంది.