ఈసారి రైలు దిగాం

హిందూపురం వాళ్ళలో చాలామందికి బెంగళూరు దారిలో ఉన్న ఘాటి సుబ్రహ్మణ్యస్వామి రైలు కిటికీలోంచే పరిచయం. బెంగళూరు వెళ్ళే బండి గౌరీబిదనూరు దాటి, కొండల మధ్య వంపులు తిరుగుతూ మాకళిదుర్గ దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ ఎంత మాటల్లో ఉన్నా ఆపేసేది. గుడి ఉన్న దిక్కుకు చేతులు జోడించి, చెంపలు వేసుకొని, "సుబ్బారాయుడా, వచ్చేసారి దిగుతాం తండ్రీ" అనేది. పెళ్ళికో, ఆసుపత్రికో, చుట్టాలింటికో పోయే ప్రయాణాలు. మధ్యలో దిగితే అక్కడ పని చెడుతుంది. ఆ వచ్చేసారి రాకుండానే అమ్మ పోయింది. ఆ దండం, ఆ మాట రెండూ నాకు వచ్చాయి. పెళ్ళయి బెంగళూరులో స్థిరపడ్డాను. అక్కడినుంచి గుడి అరవై కిలోమీటర్ల దూరమే అయినా రైల్లోంచి దండం పెట్టడంతోనే ఏళ్ళు గడిచాయి.

ఇప్పుడు దిగి వచ్చాం. సంచి అడుగున ఇంకా కుంకుమ పొట్లం ఉంది. ఈ వేడి చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

ముందు కల సంగతి. తెల్లవారుజామున వచ్చింది. రైలు మాకళిదుర్గలో ఆగింది. అమ్మ దిగిపోయింది, నేను లోపలే ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల, దాని మీద అమ్మ గుడ్డసంచి, ఆ సంచి మీద చుట్టచుట్టుకొని నాగుపాము. పడగ విప్పలేదు, బుస కొట్టలేదు. ఎండకు పడుకున్నట్టు ఉంది. అమ్మ నా వైపు చూస్తూ ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం చెవికి అందడం లేదు. "గట్టిగా చెప్పమ్మా" అని అరవబోయి లేచి కూర్చున్నాను.

పాము కలలోకి వచ్చిందంటే మన ఇళ్ళలో ఊరుకోరు కదా. మా పై అంతస్తు పిన్నిగారికి ఈ శాస్త్రం కంఠతా వచ్చు. పాము కరిస్తే ఒక ఫలం, తరిమితే ఒక ఫలం, పారిపోతే ఇంకో ఫలం. ఊరికే పడుకొని ఉన్న పాముకు ఆవిడ దగ్గర కూడా సమాధానం లేకపోయింది. తనకు తెలిసిన జ్యోతిష్కుడి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కంప్యూటర్‌లో జాతకం వేసి, తల ఎత్తకుండానే సర్పదోషం అన్నాడు. పరిహారానికి ఆయన చెప్పిన మొత్తం విని నేను చెప్పులు వెతుక్కున్నాను. కల చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని భయపెట్టి పంపేవాళ్ళకు ఏ పరిహారం ఉందో మరి.

మా నాన్న బడిపంతులు. శకునాలను కొట్టిపారేసేవాడూ కాదు, నెత్తిన పెట్టుకొని ఊరేగేవాడూ కాదు. "శకునం పని చెబుతుందే కానీ ఫలం చెప్పదు" అనేవాడు. చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కితే మేమంతా వాన వస్తుందని గంతులేసేవాళ్ళం. ఆయన మాత్రం పెరట్లో ఆరబోసిన మిరపకాయలు లోపల పెట్టమనేవాడు. సుందరకాండలో సీతమ్మకు ఎడమకన్ను అదిరిన ఘట్టాన్ని కూడా ఆయన అలాగే చెప్పేవాడు. అప్పటికి రాముడు రాలేదు, లంక కాలలేదు. ప్రాణం తీసుకోబోతున్న తల్లి ఆగింది, అదీ ఆ శకునం చేసిన పని. ఆ లెక్కన నా కల ఏ పని చెబుతోందో నాకు బోధపడలేదు. ఘాటికి వెళ్ళమనడం ఒక్కటే అయితే అమ్మ మాట ఎందుకు వినిపించలేదు?

ఆ కల ఇంకా మరుపు రాకముందే, ఒక మధ్యాహ్నం మా ఆయన పక్క మీద ఒత్తిగిలి పడుకొని ఉన్నాడు. నేను బట్టలు మడతపెడుతూ, "ఏమండీ, ఈ మంగళవారం ఘాటికి పోదామా" అన్నాను. అదే క్షణంలో ఆయన తలవైపు గోడ మీద బల్లి పలికింది. నేను అలవాటుగా నేల మీద వేలితో తట్టి కృష్ణ కృష్ణ అనుకొని, "చూశారా, బల్లి కూడా సత్యం పలికింది" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. తల దగ్గర ఫోను మోగింది, అయినా కదల్లేదు. గుండె ఝల్లుమని వెళ్ళి కుదిపితే, "ఏమిటి? ఏమైంది?" అంటూ లేచాడు.

నిద్రపోవడం లేదట, మెలకువగానే ఉన్నాడట. కుడిచెవి దిండుకు ఆని ఉంది. పైకి ఉన్న ఎడమచెవికి బల్లీ వినిపించలేదు, ఫోనూ వినిపించలేదు, నేనూ వినిపించలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు, మొన్నటి నుంచీ ఆ చెవిలో హోరు, లేస్తే తల తిరుగుడు అని. "గులిమి అయి ఉంటుంది, నూనెచుక్క వేసుకుంటే పోతుందిలే" అన్నాడు. ఆ సాయంత్రమే చెవి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

గులిమి కాదు. కర్ణభేరి కూడా బాగానే ఉంది. లోపలి నరానికి సంబంధించి వినికిడి ఉన్నట్టుండి పడిపోయే జబ్బు అది. స్టీరాయిడ్ మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని, మొదటి రెండు వారాలే కీలకమని, చాలామంది చెవిలో నూనె పోసుకొని ఆ గడువు దాటించుకొని వస్తారని డాక్టరు చెప్పారు. అందరికీ పూర్తిగా తిరిగి రాదని కూడా చెప్పారు. ఆ రాత్రి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టాను. చెవిపోటు వచ్చినా, చీము కారినా, ఒంటి మీద పొక్కులు లేచినా మన పక్కన మొదటి మొక్కు సుబ్బారాయుడికే. ఆయన చెవి ఆయనకు వస్తే నీకు వెండి చెవి, వెండి పడగ ఇచ్చుకుంటాను స్వామీ అని మొక్కాను. బల్లి ఏ పని చెప్పిందో ఇప్పుడు మా నాన్నకు కూడా నేనే చెప్పగలను.

మందు పనిచేసింది. మొదట కుక్కర్ ఈల అందింది. తరవాత వీధిలో కూరగాయల బండివాడి కేక. మునుపటి అంత కాకపోయినా, చాలావరకు వచ్చింది. చిక్కపేటలో వెండి చెవి, పడగ కొన్నాను. రెండూ కలిపి ఇంత తేలికా అనిపించింది.

మా అబ్బాయి కారు పెడతానన్నాడు. వద్దు, రైల్లోనే పోతానని పట్టుబట్టాను. దొడ్డబళ్ళాపురంలో దిగి బస్సెక్కాం. దారి పొడుగునా ద్రాక్షతోటలు, ఆ పైన రాళ్ళగుట్టలు. అదంతా నాకు సరిగా గుర్తులేదు. సంచిలో వెండి ఉందా లేదా అని తడుముకోవడమే సరిపోయింది.

మంగళవారం ఘాటికి పోవడం భక్తికి మంచిదే, మోకాళ్ళకు కాదు. వరుస ఎక్కడ మొదలయిందో చూడటానికే కాసేపు నడవాలి. డబ్బు కట్టినవాళ్ళ వరుస ఒకటి, కట్టనివాళ్ళది ఒకటి, రెండింటి మధ్యలోంచి తెలిసినవాళ్ళ పేరు చెప్పుకొని దూరేవాళ్ళది ఇంకొకటి. నా ముందు ఒకావిడ ఫోనులో ఎవరికో గుడి అంతా చూపిస్తూ నా కాలు తొక్కింది, చూసుకోలేదు కూడా. పుష్యమాసంలో రథోత్సవం ముందు ఇక్కడ పెద్ద పశువుల సంత జరుగుతుంది. అప్పుడు ఎడ్లు కూడా ఇంతకన్నా మర్యాదగా నిలబడతాయేమో.

అంతలో వరుసలో కలకలం. అందరూ పైకి చూస్తూ చెంపలు వేసుకుంటున్నారు. గోపురం మీద గరుడపక్షి చుట్లు తిరుగుతోంది. తన సర్పకులాన్ని గరుడుడి నుంచి కాపాడమని సుబ్రహ్మణ్యుడు నరసింహస్వామిని వేడుకున్న చోటు కదా ఇది. పాముల గుడి మీద గరుడదర్శనం మంచి శకునమా కాదా అని నాకు అనుమానం వచ్చింది. మా ఆయనను అడిగాను. "దానికి ఆకలేస్తోంది, నాకూ వేస్తోంది" అన్నాడు.

ఆ మాట అన్న కాసేపటికే ఆయనకు తల తిరిగింది. పై నుంచి దృష్టి దించడంతో కాబోలు, ఇనుప గొట్టం పట్టుకొని ఒక పక్కకు వాలిపోయాడు. నేను కేకలు పెడితే వెనకవాళ్ళు "ముందుకు నడవండి, నడవండి" అంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. స్వామి గుమ్మం దాకా పిలిచి ఇదేమిటి అనిపించింది.

అప్పుడు వెనకనుంచి ఒక పెద్దాయన ముందుకు వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, తెల్లచొక్కా, మెడలో తువ్వాలు. మా ఆయనను గోడవారన చతికిలబెట్టి, వెనకవాళ్ళను కన్నడంలో గదిమి, మా చోటు పోకుండా తన మనవణ్ణి అక్కడ నిలబెట్టాడు. మాది తెలుగని నా కేకల్లోనే తెలిసినట్టుంది, తెలుగులోనే మాట్లాడాడు. దొడ్డబళ్ళాపురంలో పట్టు నేతట. నేను ఆశ్చర్యపోయింది సాయం చేసినందుకు కాదు. మా ఆయన చెవి సంగతి ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి మాత్రం చెవి దగ్గర అరవకుండా ఎదురుగా గొంతుక్కూర్చొని, ముఖం ముఖానికి సూటిగా పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి, "కళ్ళు మూయవద్దు సార్. ఒక్క చోటనే చూడండి. నా నుదుటి బొట్టు చూడండి" అన్నాడు. మా ఆయన ఆ బొట్టునే చూస్తూ కూర్చున్నాడు. తల తిరుగుడు మెల్లగా తగ్గింది.

"మీకెలా తెలిసిందన్నా, ఆయనకు చెవి బాగాలేదని?" అని అడిగాను.

"మీరు మాట్లాడుతుంటే ఆయన మీ పెదవులు చూస్తున్నారు కదమ్మా. మా వీధిలో అందరం సగం చెవిటివాళ్ళమే. పొద్దున నుంచి రాత్రి దాకా మరమగ్గాల మోత. మగ్గం దగ్గర చెవితో పని లేదు, కళ్ళతోనే వినాలి."

పాముకు చెవులుండవు, కళ్ళతోనే వింటుంది అని మా నాయనమ్మ చెప్పేది. అది నిజం కాదని, పాము నేల అదురును దవడతో పట్టుకుంటుందని మా ఆయన ఎన్నోసార్లు విడమరచి చెప్పాడు. కావచ్చు. కానీ ఆ గుడి ముందు, ఆ మనిషి నోట ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిచింది. కలలో అమ్మ పెదవులు కదలడం, మాట వినిపించకపోవడం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మా ఆయనతో చెప్పలేదు. చెబితే దవడ సంగతి మళ్ళీ మొదలవుతుంది.

అక్కడి నుంచి గర్భగుడి దాకా ఆ పెద్దాయన మా వెంటే ఉన్నాడు. లేపాక్షిలో లింగానికి గొడుగు పట్టిన ఏడు పడగల నాగేంద్రుణ్ణి చూస్తూ పెరిగినదాన్ని నేను. ఇక్కడ స్వామి అంత పెద్దవాడు కాడు. తూర్పు ముఖంగా ఏడు పడగల నీడలో సుబ్రహ్మణ్యుడు, అదే శిలలో వెనకవైపు పడమటి ముఖంగా నరసింహుడు. వెనకనున్న స్వామి కనిపించాలని అద్దం పెట్టారు. ఇదంతా తెలిసే వెళ్ళాను. కానీ నా ముందు ఇద్దరి భుజాలు, వాళ్ళ పైన ఎత్తిపట్టిన ఒక పసివాడు. పూలదండల మధ్య పడగ అంచు మెరిసింది, అంతే, "నడవండి" అన్న అరుపు మొదలైంది. సగం తిరిగేశాను. నేతాయన నా ముందుకు చెయ్యి చాపి పైకి చూపించాడు. నోటితో ఏమీ అనలేదు. పెదవులతో మాత్రం "అద్దం" అన్నాడు. చూశాను. దీపం వెలుగు అద్దంలో పడి కదులుతోంది, ఆ వెలుగులో నరసింహస్వామి ముఖం. రెప్ప వేసేంతసేపు కూడా కాదు. తోసేశారు. తోస్తే తోశారు, నాకు దొరికింది. పక్కకు చూస్తే మా ఆయన కళ్ళలో నీళ్ళు. శకునాలంటే నవ్వే మనిషి.

చెట్ల కింద వరసలు వరసలుగా నాగశిలలు. పెనవేసుకున్న జంటపాములు, పసుపు పూసి పూసి కళ్ళు కూడా కనిపించనివి కొన్ని, నిన్న చెక్కినట్టు నల్లగా మెరిసేవి కొన్ని. నాగప్రతిష్ఠ చేయించుకుంటున్న ఒక పడుచు జంట తడిబట్టలతో వణుకుతూ మంత్రం చెబుతున్నారు. వాళ్ళకు బిడ్డ కలగాలని నేనూ ఒక దండం పెట్టాను. కానీ శిలల మధ్య ఖాళీ పాల ప్యాకెట్లు చూస్తే మాత్రం కడుపు మండింది. పాలు పోసిన చేతికి ఆ ప్లాస్టిక్ కవరు ఇంటికి పట్టుకుపోవడం అంత కష్టమా? నాకు అందినన్ని ఏరి సంచిలో వేసుకున్నాను. మా ఆయనా ఏరాడు.

వెండి చెవి, పడగ హుండీలో వేసి, అమ్మ పేరు చెప్పి ఇంకో రూపాయి వేశాను. నేతాయనకు ఏదైనా ఇవ్వబోతే చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. భోజనానికి మాత్రం ఒప్పుకున్నాడు.

గుడి బయట హోటల్లో మేం, ఆయన, మనవడు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. చెప్పుకోదగ్గ సాంబారు కాదు. వంటగదిలో కుర్రవాడు స్టీలు పళ్ళాలు ఒకదాని మీద ఒకటి విసిరేస్తున్నాడు. మా ఆయన ముద్ద మధ్యలో ఆపి, ఎడమచెవి మూసుకొని, "అబ్బబ్బ, ఏమిటయ్యా ఈ గోల, కాస్త నెమ్మదిగా పెట్టలేవా!" అని లోపలికి కేక వేశాడు. నేతాయనకు ఆ గోల వినిపించినట్టు లేదు, మా ఆయన కేక మాత్రం వినిపించి నవ్వాడు. నేను ఇంకో గరిటె సాంబారు పోయమన్నాను.